చిట్టెలకల్ని చంపకుండా బయటికి పంపడం: మా మిద్దెలో ఐదు వారాల పని

దేవుని గూట్లో వత్తులు మాయమైతే ఎవరూ వెంటనే ఎలకను అనుమానించరు. నూనెలో నానిన వత్తి చిట్టెలకకు తిండికి తిండి, గూటికి దూది. వత్తులు పోవడం, స్నానాల గదిలో సబ్బు అంచున జంట గీతలు పడటం, బియ్యం డబ్బా వెనక నల్లటి పెంటికలు కనపడటం, ఈ మూడూ ఒకే వారంలో జరిగాయంటే ఇంకా అనుమానం అక్కర్లేదు. వెలుగుతున్న దీపంలోంచి కూడా వత్తి లాక్కుపోగలదు. ఎలకల సంగతి తేలేదాకా దీపం పెట్టి పడుకునే అలవాటు మానేయండి.

మాది అనంతపురం పాతూరులో పాత బండల మిద్దె. నేలకు తాడిపత్రి బండలు, వంటింటి అరలకు కడప బండలు, పడసాల పైన వెలుతురుకు వదిలిన గవాక్షి. ఊర్లో శెనక్కాయ కట్టె పీకి, కాయలు రాల్చి, మూటలు ఇంటికి చేరేది అక్టోబరు, నవంబరుల్లో. ఎలకలు చేరేదీ అప్పుడే. చేలో తిండి అయిపోతుంది, చలి మొదలవుతుంది, ఇంట్లో మూడు మూటలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంటాయి. వాటిని చంపకుండా పంపించడానికి ఐదు వారాలు పట్టింది. అందులో బోను పెట్టిన రాత్రులు పదమూడు. మిగతాదంతా చూడటం, దాచడం, పూడ్చడం. ఆ వరస తప్పితే పని చెడుతుంది. ఎలా చెడుతుందో కూడా రాస్తాను, కొన్ని మేం చెడగొట్టుకున్నవే.

ముందు వచ్చింది ఎవరో తేల్చుకోవాలి. చిట్టెలక ఒళ్ళు తోక కాకుండా 7 నుంచి 10 సెంటీమీటర్లు, బరువు 12 నుంచి 20 గ్రాములు, చెవులు ఒంటికి మించి పెద్దవి. పెంటిక 3 నుంచి 6 మిల్లీమీటర్లు, రెండు కొసలూ సన్నగా ఉంటాయి. ఒక్కటే రోజుకు 50 పైన వేస్తుంది, కాబట్టి పెంటికలు లెక్కపెట్టి ఇల్లంతా ఎలకలే అని హడలిపోనక్కర్లేదు. పెద్దెలక పెంటిక అంతకు రెండు మూడింతలు. ఇక చుంచు. మూతి కొసగా, కళ్ళు ఉన్నాయా లేవా అన్నట్టు, గోడ వెంబడి కీచుకీచుమంటూ పోతుంది, పోయిన చోటల్లా కంపు. చుంచు అసలు ఎలక జాతే కాదు. అది బొద్దింకల కోసం, పురుగుల కోసం వస్తుంది, మూటలు కొరకదు. దానికి గంటగంటకూ తిండి పడాలి, రాత్రి బోనులో పడితే తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. చుంచు పడిందని తెలిసిన నిమిషంలోనే గుమ్మం బయట వదిలేయండి. దానితో మనకు పేచీ లేదు.

ఎలక ఎక్కడ తిరుగుతోందో తెలుసుకోవడానికి ముగ్గుపిండిని మించింది లేదు. రాత్రి వంటిల్లు సర్దాక గోడ వెంబడి, గడపల దగ్గర, సింకు కింద, గ్యాసు బండ వెనక నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలుగా పలచగా చల్లాలి. టీ వడకట్టే జల్లెడతో చల్లితే సమంగా పడుతుంది. బియ్యప్పిండి వాడకండి. అది వాటికి తిండి, చీమలకు పండగ. పొద్దున టార్చి లైటును నేలకు ఆనించి పక్కవాటంగా వేసి చూస్తే అడుగులు తేలతాయి. ముందు కాలికి నాలుగు వేళ్ళు, వెనక కాలికి ఐదు, మధ్యలో ఒక్కోసారి తోక ఈడ్చిన సన్నటి గీత. అడుగులు ఏ వైపు పోతున్నాయి, ఏ వైపు నుంచి వస్తున్నాయి చూసి కాగితం మీద ఇంటి పటం గీసి గుర్తులు పెట్టుకోవాలి. మేం నాలుగు రాత్రులు చల్లాం. మొదటి రాత్రి చూసి అన్నీ మూటల దగ్గరే ఉన్నాయనుకున్నాం. నాలుగో రాత్రికి తేలిందేమంటే వాటి అసలు దారి కడప బండ అరల వెనక. బండకూ గోడకూ మధ్య వేలు పట్టేంత సందు. కింది అర నుంచి పై అర దాకా మెట్లబావిలా ఆ సందులోనే ఎక్కి దిగుతున్నాయి, నేల మీదికి వచ్చేది తక్కువ.

దారి తెలిసింది కదా అని ఈ దశలోనే కన్నాలు పూడ్చడం అందరూ చేసే మొదటి తప్పు. లోపల ఎలకలుండగా బయటి దారి మూస్తే అవి గోడల్లో, మూటల్లో చిక్కుకుంటాయి. కొన్ని ఆకలికి చస్తాయి, పది రోజులు ఇల్లంతా కుళ్ళు వాసన. బతికినవి కొత్త కన్నం కొరుకుతాయి, అది తలుపు చెక్కకో వైరుకో పడుతుంది. ముందు తిండి తీసేయాలి, తర్వాత పట్టాలి, అవి తిరగడం ఆగిందని ముగ్గు చెప్పాక పూడ్చాలి. ఎలకలు వాడని కన్నాలు మాత్రం మొదటి రోజే పూడ్చొచ్చు. ఏది వాడుతున్నాయో తెలియకపోతే న్యూస్‌పేపర్ ముక్క ఉండ చుట్టి కన్నంలో వదులుగా కుక్కండి. మూడు రాత్రులు కదలకుండా ఉంటే ఆ కన్నం ఖాళీ.

తిండి తీసేయడం అంటే బియ్యం, పప్పులు డబ్బాల్లో పెట్టడం ఒక్కటే కాదు. ప్లాస్టిక్ డబ్బా మూత అంచు రెండు రాత్రుల్లో కొరికేస్తాయి, స్టీలు డబ్బాయే గతి. చిట్టెలక రోజుకు తినేది 3 గ్రాములే. పొయ్యి కింద రాలిన మెతుకులు, కుక్క గిన్నెలో మిగిలింది, దేవుడి దగ్గర కొబ్బరి చిప్ప, చెత్తబుట్టలో అరటి తొక్క, వీటితో ఒక సంసారం గడిచిపోతుంది. నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, తిండిలో తడి ఉంటే చాలు. శెనక్కాయ మూటలు మాకు పెద్ద చిక్కు. గోడకు ఒక అడుగు ఎడంగా, రెండు బెంచీల మీదికి ఎత్తాం. కింద, వెనక మనిషి కంటికి కనపడేలా ఉంటే ఎలక అక్కడ గూడు పెట్టదు. విత్తనానికి ఉంచిన కాయల్ని రేకు డ్రముల్లో పోశాం. కాయలుగానే పోయాలి, పప్పు చేసి ఉంచితే పురుగు త్వరగా పడుతుంది, బూజూ పడుతుంది. పచ్చి కాయలు డ్రముకెత్తినా బూజే. కాయ ఊపితే లోపల గలగలమనాలి.

ఇప్పుడు బోను. బజార్లో దొరికే ఇనుప బోను పెద్దెలక కోసం చేసింది. దాంట్లో చిట్టెలక దర్జాగా కూర్చుని ఎర తిని వెళ్ళిపోతుంది, మనం ఎర మారుస్తూ ఉంటాం. ఎర తప్పు కాదు, బోనులోనే రెండు లోపాలున్నాయి. ఒకటి, కమ్మీల సందు. చిట్టెలక 6 మిల్లీమీటర్ల సందులోంచి దూరగలదు, అంటే పెన్సిలు పట్టే చోటల్లా అది పడుతుంది. బోను కమ్మీల మధ్య సందు అంతకు రెట్టింపు. లోపల ఐదు వైపులా పావించి వెల్డు జాలీ పరిచి సన్నటి తీగతో కుట్టాలి. షాపులో "జాలీ ఇయ్యన్నా" అని ఊరుకుంటే దోమల జాలీ చేతిలో పెడతారు. "పావించిది, వెల్డు చేసింది, ఇనుముది" అని మూడూ చెప్పాలి. జాలీ కొసలు లోపలికి పొడుచుకు రాకుండా బయటికి మడవండి. బెదిరిన ఎలక మూతిని కమ్మీలకేసి రుద్దుతుంది, కొసలుంటే చీరుకుపోతుంది.

రెండోది కొక్కెం బిగువు. ఎర తగిలించిన కొక్కేన్ని ఎలక లాగితే, పైన తలుపును పట్టి ఉంచిన కడ్డీ జారాలి, తలుపు పడాలి. ఆ కడ్డీ కొస కొక్కెం గాడిలో 5, 6 మిల్లీమీటర్ల లోతున కూర్చుని ఉంటుంది. పావు కిలో తూగే పెద్దెలక లాగితే జారుతుంది, పదిహేను గ్రాముల దానికి జారదు. పరీక్ష తేలికే. పది రూపాయల బిళ్ళను దారంతో ఎర కొక్కేనికి మెల్లగా వేలాడదీయండి. అది 7.7 గ్రాముల దాకా తూగుతుంది, దానికే తలుపు పడాలి. మా బోనుకు నాలుగు బిళ్ళలు వేసినా పడలేదు. ఆకురాయితో కడ్డీ కొసను 2 మిల్లీమీటర్లకు తగ్గించి, రాసుకునే చోట పెన్సిలు ముల్లుతో నల్లగా రుద్దాం. నూనె వేస్తే మొదటి రోజు బాగానే జారుతుంది, నాలుగు రోజుల్లో దుమ్ము పట్టి జిగురవుతుంది. మరీ తగ్గించినా తంటానే, వీధిలో లారీ పోతే తలుపు పడిపోతుంది. ఒక బిళ్ళకు పడాలి, నేల మీద కాలితో తడితే పడకూడదు. ఆ రెంటి మధ్యకు తెచ్చుకోవాలి.

తలుపు అడుగు అంచుకు సైకిలు ట్యూబు ముక్క చీల్చి తొడగండి. స్ప్రింగు తలుపు తోక మీద పడితే తోక నుజ్జవుతుంది, తర్వాత ఆ ఎలకను వదిలినా పుండు పట్టి చస్తుంది. చంపకూడదని బోను తెచ్చుకుని తోక తెంపడం ఏం మర్యాద!

బకెట్టు బోను ఇంతకన్నా సులువు, ఖర్చూ లేదు. 20 లీటర్ల పెయింటు బకెట్టు, బట్టల షాపులో గుడ్డ చుట్టి ఉండే అట్ట గొట్టంలోంచి జానెడు ముక్క. బకెట్టును అరుగు పక్కన పెట్టి, గొట్టాన్ని అరుగు అంచు మీద మూడో వంతు బకెట్టు మీదికి వచ్చేలా ఉంచాలి. ఎర ఆ కొసన. ఎలక గొట్టంలో నడిచి కొస చేరగానే గొట్టంతో పాటు బకెట్లోకి జారుతుంది. బకెట్టు అడుగున పాత గుడ్డ, కాగితం పీలికలు మందంగా వేయండి, నీళ్ళు మాత్రం చుక్క కూడా వద్దు. చిట్టెలక నిలుచున్న చోటి నుంచి అడుగు ఎత్తు ఎగురుతుంది, కాబట్టి పీలికలు పోయాక కూడా అడుగు పైన గోడ మిగలాలి. ఎక్కకుండా ఉండాలని కొందరు లోపలి అంచుకు నూనె రాస్తారు. ఆ నూనె బొచ్చుకు పట్టి చలికి ముడుచుకుపోతుంది. బకెట్టు లోపల గీతలు లేకుండా నున్నగా ఉంటే నూనె అవసరమే రాదు.

ఎర విషయంలో మేం బోల్తా పడ్డాం. అనంతపురంలో ఎలకకు శెనక్కాయ ఎర పెట్టడం సముద్రంలో చేపకు నీళ్ళు పోసినట్టే. ఇంట్లో మూటల నిండా ఉన్నదానికోసం బోనులోకి ఎందుకు వస్తుంది? మూటలు డ్రములకెక్కాక అదే వేయించిన శెనక్కాయ, బెల్లంతో నూరి శెనగగింజంత ముద్ద పెడితే రెండో రాత్రికే పడింది. మూటలు తీయడం కుదరని ఇంట్లో తిండి కాకుండా దూది పెట్టండి. కొక్కేనికి దూది ముక్కను దారంతో గట్టిగా కడితే, గూడు కట్టుకునే ఆడది పీక్కోవడానికి వచ్చి లాగుతుంది. ఎండల కాలంలో టమాట ముక్క కూడా పని చేస్తుంది, తడికోసం వస్తుంది. ఎర ఎంత తక్కువైతే అంత మంచిది. బొరుగులు గుప్పెడు పోస్తే కొక్కెం దాకా రాకుండానే కడుపు నింపుకుని పోతుంది.

బోనులు గోడకు ఆనించి, నోరు గోడ వెంబడి ఉండేలా, రెండు మూడు మీటర్లకొకటి పెట్టాలి. చిట్టెలక గూటి నుంచి ఎక్కువ దూరం తిరగదు, గది మధ్యలోకి రాదు, మీసాలు గోడకు తగులుతూ ఉంటేనే దానికి ధైర్యం. కొత్త వస్తువంటే పెద్దెలకకు భయం, నాలుగు రోజులు దూరంగా ఉంటుంది. చిట్టెలక అలా కాదు, కొత్తది కనపడితే చూసిపోవాల్సిందే. అయినా మొదటి రెండు రాత్రులు తలుపు పడకుండా పైకి కట్టేసి ఎర మాత్రం పెట్టండి, కుటుంబం మొత్తానికి అలవాటవుతుంది.

రాత్రి 9కి బోను ఎత్తి పెట్టడం, 11కి ఒకసారి చూడటం, పొద్దున 5కి మళ్ళీ చూడటం. ఇంతకన్నా ఎక్కువసేపు వదిలితే అది మర్యాదగా పట్టడం కాదు. ఊరెళ్ళే రోజు బోను ఎత్తనే ఎత్తకండి. బోనులో ఒక దోసకాయ ముక్క, చారెడు కాగితం పీలికలు ముందే ఉంచాలి. పడగానే మీద గుడ్డ కప్పేయాలి. కప్పకపోతే కమ్మీలు పట్టుకుని ఊగుతూనే ఉంటుంది, కప్పితే రెండు నిమిషాల్లో పీలికల్లో దూరి ముందు కాళ్ళతో మూతి కడుక్కుంటుంది. ఎండలో, మిద్దె మీద మాత్రం పెట్టకూడదు. మన ఎండకు రేకు బోనులో గంటసేపు కూడా బతకదు.

వదలడం గురించి అందరూ పొరబడేది దూరం విషయంలో. బండి మీద ఐదు కిలోమీటర్లు తీసుకెళ్ళి చెరువు కట్ట దగ్గర వదిలి పుణ్యం చేశామనుకుంటారు. తెలియని చోట తిండి ఎక్కడో, దాక్కునే బొరియ ఎక్కడో దానికి తెలియదు, ఇంటెలక అలా ఎక్కువ రోజులు నిలవదు. ఇంకొకరి కళ్ళంలో వదిలితే మన తలనొప్పి వాళ్ళ నెత్తిన పెట్టినట్టు. వంద మీటర్ల లోపు, చీకటి పడే వేళ, కంప చెట్ల మొదట్లోనో కట్టెల మోపు పక్కనో, బోనులోని పీలికలతో సహా, గుప్పెడు బొరుగులు చల్లి వదలాలి. పొద్దున పడిన దాన్ని సాయంత్రం దాకా అట్టపెట్టెలో కాకుండా స్టీలు డబ్బాలో, మూతకు సన్నటి కన్నాలు పొడిచి, నీడలో ఉంచుకోవచ్చు. అట్టను అది అరగంటలో కొరుకుతుంది. దగ్గర్లో వదిలితే తిరిగి రాదా? వస్తుంది. అందుకే ఈ పనిలో బోనుకన్నా కన్నాలు పూడ్చడమే ముఖ్యం.

తిరిగి వస్తోందా లేదా తెలుసుకోవడానికి మేం చేసిన పని ఒకటుంది. చెవి పుల్ల దూదిని తినే ఎర్రరంగులో ముంచి, జాలీ సందులోంచి నడుం మీద ఒక చుక్క పెట్టి వదిలాం. రెండో రాత్రి మళ్ళీ అదే చుక్కది బోనులో ఉంది. అంటే మాకు తెలియని దారి ఇంకొకటుంది. ఆ రాత్రి ముగ్గు ఇంట్లో కాకుండా బయట, పునాది చుట్టూ చల్లాం. అడుగులు మోరి వైపు నుంచి వచ్చి వంటింటి గోడలో మాయమయ్యాయి. సింకు ముడత పైపు గోడలోంచి మోరిలోకి పోయే చోట పైపుకు మూడించులు, కన్నానికి నాలుగించులు. బయట పాచి పట్టి ఉండటంతో ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.

పూడ్చే పని పొద్దున్నే చేయాలి. ఎలకలు అప్పుడు పడుకుని ఉంటాయి, రాత్రికి సిమెంటు గట్టిపడుతుంది. సాయంత్రం పూస్తే పచ్చి సిమెంటును తవ్వి పోస్తాయి. కన్నం చుట్టూ పెచ్చులు రాల్చి, తడిపి, తుప్పు పట్టని స్టీలు పీచును కర్రతో లోపలికి బిగించి, పైన ఒక పాలు సిమెంటు, మూడు పాలు ఇసుక కలిపి గోడతో సమంగా పూయాలి. పీచు లేకుండా ఉత్త సిమెంటు పూస్తే పక్కన గార పెళుసు చోట కొరుకుతాయి. మనవాళ్ళు గాజు పెంకులు కలుపుతారు. పని చేస్తుంది గానీ పదేళ్ళకు అక్కడ గోడ తవ్విన మేస్త్రీ చెయ్యి తెగుతుంది. సన్న కంకర చాలు. డబ్బాలో వచ్చే నురగ కొట్టి మూస్తే చూడటానికి బాగుంటుంది, ఎలకకు అది బన్ను ముక్క. సిలికాన్ కూడా అంతే, థర్మోకోలు సంగతి చెప్పనక్కర్లేదు. ఎంసీల్ చిన్న పగుళ్ళకు బాగా నిలిచింది.

గ్యాసు పైపు పోయే కన్నం దగ్గర మాత్రం సిమెంటు పెట్టకూడదు, పీచూ కుక్కకూడదు. పీచు రబ్బరు పైపును కోస్తుంది, పైపును ఐదేళ్ళకొకసారి మార్చాలి కాబట్టి కదిలేలా ఉండాలి. రెండు రేకు ముక్కలకు అరచందమామలా కోత పెట్టి, అంచులకు ట్యూబు తొడిగి, పైపుకు అటూ ఇటూ బండకు స్క్రూలతో బిగించాం. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేస్తే మూలల్లో కొరుకుతాయి, అల్యూమినియం పట్టీ వేయించాలి. గవాక్షికి, ఎగ్జాస్టు ఫ్యాను వెనక, మోరి నోటికి పావించి జాలీ. మోరి జాలీని వారానికోసారి తీసి కడిగేలా పెట్టుకోండి, లేదంటే మెతుకులు అడ్డుపడి వంటిల్లు చెరువవుతుంది. బండ అరల వెనక సందు మొత్తం పూడ్చడానికి మాకు రెండు పొద్దులు పట్టింది, అన్నిటికన్నా విసుగు పుట్టించిన పని అదే.

ఇక అన్నిటికన్నా కష్టమైన సంగతి పిల్లలు. చిట్టెలక 19 నుంచి 21 రోజులు మోస్తుంది, ఈతకు ఐదారు పిల్లలు. పాలిచ్చే తల్లిని పట్టి బయట వదిలితే గూట్లో పిల్లలు ఒక రోజులో పోతాయి. అందుకని పడిన ప్రతి ఎలకనూ బోను పైకెత్తి కింద నుంచి చూడాలి. పాలిచ్చే దానికి పొట్ట మీద రొమ్ములు బయటికి తేలి, చుట్టూ బొచ్చు ఊడి గుండ్రంగా చర్మం కనపడుతుంది. మాకు నాలుగోది అలాంటిదే పడింది. పట్టిన చోటనే, బోను నోరు గోడవైపు పెట్టి వదిలేశాం, బోనులన్నీ తీసి పక్కన పెట్టేశాం. ఈ ఆగిన రోజుల్లోనే మూటలు, డబ్బాలు, వాడని కన్నాల పని పూర్తి చేసుకున్నాం.

పిల్లలు కళ్ళు తెరిచేది రెండు వారాలకు, పాలు మానేది మూడు వారాలకు. చిక్కేమిటంటే ఈనిన రోజే తల్లి మళ్ళీ చూలు కట్టగలదు. కాకపోతే పాలిచ్చే తల్లికి తర్వాతి కాన్పు మామూలుకన్నా కొన్ని రోజులు వెనక్కు జరుగుతుంది. పిల్లలు పాలు మానిన రోజుకూ, కొత్త ఈతకూ మధ్య ఉండే ఆ కొద్ది రోజులే మనకు దొరికే సందు. ముగ్గులో చిన్న అడుగులు కనపడటం మొదలైన నాలుగైదు రోజులకు బోనులన్నీ మళ్ళీ ఒకేసారి ఎత్తి పెట్టాలి. పిల్ల ఎలక 8, 10 గ్రాములే ఉంటుంది, పది రూపాయల బిళ్ళ పరీక్ష పనికొచ్చేది ఇక్కడే. వాటికి ఆరు వారాలకే ఈడు వస్తుంది, ఆలస్యం చేస్తే లెక్క మొదటికొస్తుంది. గూడు కనపడితే చేత్తో తీసి బయట పెట్టొద్దు, గుడ్డ కప్పి వెనక్కు వచ్చేయండి. తల్లి భయపడితే పిల్లల్ని తనే ఒక్కొక్కటిగా నోట కరుచుకుని మార్చుకుంటుంది.

జిగురు అట్టల గురించి ఒక మాట. బోనుకన్నా చవక, పని ఖాయం అని షాపుల్లో చేతిలో పెడతారు. దాని మీద పడిన ఎలక గంటల తరబడి పెనుగులాడి, చర్మం ఊడి, ఆకలికో ఊపిరాడకో చస్తుంది. జంతు హింస నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది. వీటిని ఆపమని భారత జంతు సంక్షేమ మండలి 2011లో, మళ్ళీ 2020లో రాష్ట్రాలకు రాసింది. ఎవరైనా పెట్టిన అట్టకు ఎలక అంటుకుని బతికే ఉంటే లాగకండి. చేతికి తొడుగు వేసుకుని, తల మీద చిన్న గుడ్డ కప్పి, అట్ట మీద మిగిలిన జిగురంతటి మీదా మట్టో పౌడరో చల్లి మళ్ళీ అంటుకోకుండా చేయాలి. తర్వాత శెనగనూనెను దూది పుల్లతో కాళ్ళ కింద, పొట్ట పక్కన చుక్కచుక్కగా రాస్తూ పోతే ఐదు పది నిమిషాల్లో జిగురు వదులుతుంది. ముక్కు దగ్గరకు నూనె పోనీయకండి. వదిలాక పాత గుడ్డతో ఒత్తి తుడిచి, పీలికలున్న డబ్బాలో రెండు గంటలు వెచ్చగా ఉంచి వదలాలి.

మందు ముద్దలు కూడా అంతే. బ్రోమాడియోలోన్ బిళ్ళ తిన్న ఎలక వెంటనే చావదు, లోపల రక్తం గడ్డకట్టక నాలుగైదు రోజులు తిరిగి చస్తుంది. ఆ మందు తిన్న ఎలకను తిన్న పిల్లికి, గుడ్లగూబకు కూడా విషమే. పసుపు భాస్వరం ముద్దకైతే విరుగుడు మందే లేదు, పిల్లలున్న ఇంట్లోకి అది రానే కూడదు. శబ్దం చేసే యంత్రాలు ప్లగ్గుకు పెట్టుకుంటారు. గోడ అడ్డం వస్తే ఆ శబ్దం ఆగిపోతుంది, ఎదురుగా ఉన్నా కొన్నాళ్ళకు అలవాటుపడి దాని పక్కనే తింటాయి. నాఫ్తలీన్ ఉండలు పసిపిల్లలకు ప్రమాదం, ఎలకకు పట్టింపు లేదు. పిల్లిని తేవడం కూడా ఎలకను మర్యాదగా పంపడం కిందికి రాదు.

చివరి ఎలక పడ్డాక వరసగా ఏడు రాత్రులు ముగ్గులో అడుగు పడలేదు. అప్పుడు కాగితం ఉండలు తీసి ఆఖరి రెండు కన్నాలు మూశాం. మొత్తం పడినవి తొమ్మిది, అందులో ఎర్రచుక్కది మూడుసార్లు.

శుభ్రం చేసేటప్పుడు చీపురు పట్టొద్దు. ఎండిన పెంటికలు, ఉచ్చ ధూళిగా లేచి ముక్కులోకి పోతాయి. సాల్మొనెల్లా, లెప్టోస్పైరా లాంటి రోగక్రిములు వాటితోనే వస్తాయి. కిటికీలు అరగంట తెరిచి, తొడుగులు, మాస్కు వేసుకుని, లీటరు నీళ్ళకు 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీళ్ళు చల్లి ఐదు నిమిషాలు నాననిచ్చి, పాత కాగితంతో ఎత్తి కవరులో కట్టాలి. ఆ నీళ్ళలో టాయిలెట్ ఆసిడ్ కలపకండి, విషవాయువు వస్తుంది. ఆసిడ్ కడప బండకూ, తాడిపత్రి బండకూ పడదు, రెండూ సున్నపురాయే కాబట్టి నురగ లేచి తెల్ల మచ్చ పడుతుంది. బోనుల్ని మాత్రం వేడినీళ్ళతో కడిగి ఎండబెడితే చాలు. సబ్బు వాసన ఉంటే తర్వాతిసారి పడటానికి రోజులు పడుతుంది.

ఈ ఏడాది మూటలు దిగిన రోజు నేరుగా ఇంట్లోకి తేలేదు. అరుగు మీదే మూతి విప్పి, కాయలు డ్రములకు పోసి, ఖాళీ గోతాల్ని ఒక్కొక్కటిగా తిరగేసి దులిపాం. మూడో గోతం అడుగు మడతలో గోనెపీచు, శెనక్కాయ పొట్టు కలిపి గుండ్రంగా చుట్టిన గూడు ఉంది. లోపల ఏమీ లేదు, కాయ గుల్లలు నాలుగు మాత్రం.